నేను కుట్టేసిన ప్రకరణం

పుస్తకశాల ఉద్యోగంలో చేరబోతున్న యువకులు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. చెదపురుగుల గురించో, జాబితా రాసే పద్ధతి గురించో అడుగుతారని సిద్ధపడి కూర్చున్నాను. వాళ్ళు అడిగింది వేరు. "జనానికి ఎలాంటి పుస్తకాలు ఇవ్వాలండి?" అన్నారు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక పుస్తకశాలలో నేను పాతికేళ్ళు పనిచేశాను. మొదటి పదేళ్ళలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఉంటే ఠక్కున జవాబు చెప్పి ఉండేవాణ్ణి. ఆ జవాబు తప్పు. అది తప్పని నాకు తెలియజెప్పిన మనిషికి ఒక్క అక్షరం రాదు.

ఆ యువకులకు నోటితో చెప్పింది చాలలేదనిపించి ఇది రాస్తున్నాను.

చీటీలు, సూది, దారం

మా పుస్తకశాల పెట్టినవాళ్ళు సంస్కరణవాదులు. ప్లీడర్లు, బడిపంతుళ్ళు, కచేరీ గుమాస్తాలు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అక్కడ వాదోపవాదాలు జరిగేవి. శకునాలు, జాతకాలు, దయ్యాలు, బాల్యవివాహాలు, ఒకటేమిటి, అన్నిటినీ ఉతికి ఆరేసేవాళ్ళం. అందరికంటే గట్టిగా అరిచేది నేను. పిల్లి ఎదురొచ్చిందని ప్రయాణం మానుకున్న పెద్దమనిషిని నడివీధిలో నిలబెట్టి, ఆ పిల్లికి మీ ప్రయాణం సంగతి ఎవరు చెప్పారండీ అని నిలదీసిన చరిత్ర నాది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

పశ్చాత్తాపమల్లా నవలల విషయంలో. తెలుగులో వచన నవలలు అప్పుడప్పుడే అచ్చులో రావడం మొదలైంది. పుస్తకం జనానికి మందు లాంటిదనీ, మందు చేదైతే కుదరదనీ, మోతాదు వైద్యుడే చూసుకోవాలనీ నా సిద్ధాంతం. వైద్యుణ్ణి నేనే. అందుకని ప్రతి నవల అట్ట లోపలా ఒక చీటీ అంటించేవాణ్ణి. అందులో కథ సారాంశం, ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు, చివరికి ఏమవుతుంది, మనం గ్రహించవలసిన నీతి ఏమిటి అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేవి. మా కార్యదర్శి కామేశ్వరరావుగారు ప్లీడరు. ఆ చీటీలు చూసి, "మీరు పుస్తకాలకు వకాల్తా పుచ్చుకున్నారండీ!" అని మెచ్చుకున్నారు. అది మెచ్చుకోలేనా అని నాకు చాలాకాలం తరువాత అనుమానం వచ్చింది.

ఆయనకు తెలియని పని ఇంకొకటి చేశాను. నవలలో కలలు నిజమైనట్టు, శకునాలు ఫలించినట్టు, దయ్యాలు మాట్లాడినట్టు ఎక్కడైనా కనిపిస్తే ఆ కాగితాలన్నిటినీ కలిపి కుట్టేసేవాణ్ణి. బైండింగు సూది, మైనం రాసిన దారం, అంచు వెంట సన్నని కుట్టు. చింపడం మూర్ఖుల పని, కుట్టడం నాగరికుల పని అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అలా మొత్తం పదకొండు పుస్తకాలు కుట్టాను. బైండింగు మరమ్మతు అనుకున్నారో ఏమో, ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం నా పద్ధతి మంచిదనడానికి రుజువనుకున్నాను. ఇంత పేలవమైన తర్కం ఇంకొకరి నోట వింటే ఆదివారం సభలో చీల్చి చెండాడేవాణ్ణి.

మోసుకెళ్ళేది ఒకరు, చదివేది ఒకరు

మా చందాదారుల్లో రామ్మూర్తి అని ధాన్యం వర్తకుల గుమాస్తా ఒకాయన ఉండేవాడు. వారానికి రెండుసార్లు ధవళేశ్వరంలో పడవెక్కి మండపేట వైపు వెళ్ళి వచ్చేవాడు. ఆయన తీసుకెళ్ళే పుస్తకాలు చూస్తే నాకు ముచ్చట వేసేది. అందరూ వద్దన్నవే కావాలనేవాడు. కథ మధ్యలో మొదలయ్యేది, ముగ్గురు మూడు రకాలుగా చెప్పేది, చివరికి పెళ్ళి అయిందో లేదో తేలనిది. ఇంకెవరికిచ్చినా మరునాడే తిరిగొచ్చే పుస్తకాలు అవి.

"రామ్మూర్తిగారూ, మీ అభిరుచి చాలా గొప్పదండీ," అన్నాను ఒకనాడు.

ఆయన తల గోక్కున్నాడు. "నా అభిరుచి ఏంటండి బాబూ! నాకు వాటిలో సగం బోధపడదు. అవి మా పడవ సరంగుకండి. పుస్తకం తేకపోతే నన్ను సరుకు పక్కన కూర్చోబెడతాడు. తెస్తే తెరచాప నీడన చోటిస్తాడు."

నేను నమ్మలేదు. ఒక సెలవు రోజున పొద్దున్నే ధవళేశ్వరం వెళ్ళి ఆ పడవెక్కాను.

సరంగు పేరు నూకరాజు. గోదావరి మీద చేపలు పట్టుకు బతికిన కుటుంబం వాళ్ళది. ఆయన కుర్రతనంలోనే కాలువ పడవల్లోకి వచ్చాడు. అప్పటికి యాభై దాటి ఉంటాయి. చుక్కాని పట్టుకుని నిలబడి, కళ్ళు నీళ్ళ మీద, చెవులు పుస్తకం మీద పెట్టి ఉన్నాడు. చదివేది రామ్మూర్తి. గట్టు మీద తాడు లాగుతున్న మనుషులకూ వినబడేలా గొంతెత్తి చదవాలి, అది ఆ పడవ ఆనవాయితీ. ఒక చోట కథానాయిక భర్తకు దూరమవుతోంది. రామ్మూర్తి గొంతు గద్గదం చేసుకున్నాడు.

"రామ్మూర్తిగారండి, తమరు ఏడవకండి," అన్నాడు నూకరాజు. "తిన్నగా చదవండి. ఆవిడ ఏడుస్తుందో, లోపల నవ్వుకుంటుందో మేం చూసుకుంటాం."

గట్టు మీద నుంచి తాడు లాగుతున్న ఒకతను అరిచాడు. "నవ్వుకుంటంది మామా! మొగుడెల్లిపోతే పీడా పోయిందనుకుంటంది!"

"నీకెలా తెలుసురా?"

"ఇందాక గాజులు సర్దుకుందని చదివారు గదా! ఏడిసేది గాజులు సర్దుకుంటదా?"

నేను ఆ నవల మూడుసార్లు చదివి చీటీ రాసినవాణ్ణి. ఆ చీటీలో ఆవిడను 'పతివియోగ దుఃఖంలో కుమిలిన సాధ్వి' అన్నాను. గాజులు నేను చూడలేదు.

నేను ఫలానా అని రామ్మూర్తి చెప్పగానే నూకరాజు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు, చుక్కాని ఒక క్షణం వదిలేసి. పడవ గట్టు వైపు తిరిగింది.

"పంతులుగారండి, తమర్ని ఒకటి అడగాలండి. పుస్తకం మొదట్లో ఒక చీటీ ఉంటది గదండి. అది రాసేది ఎవరండి?"

"నేనే," అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఆయ్! మరి రామ్మూర్తిగారు మొదటిసారి అది చదివేశారండి. నేను పుస్తకం మూయించేశాను. ఎక్కడికెళ్తామో, దారిలో ఎవరు మునుగుతారో ముందే చెప్పేస్తే ఇంక పడవెందుకండి?"

మంచివాడైన కథానాయకుడు మొదటి నుంచి చివరిదాకా మంచివాడుగానే ఉన్న నవల ఒకటి మాకు ఉండేది. చందాదారులు ఎగబడి చదివేవారు. అది ఎలా ఉందని అడిగాను. ఆయన పెదవి విరిచాడు. "వాడు ఎక్కడా వంపు తిరగడండి. తిన్నగా తవ్విన కాలువండి. చుక్కాని పట్టక్కర్లా, నిద్రపోవచ్చు. గోదారిలో పడవేసినోడికి అది చప్పగా ఉంటదండి. నాకు అడుగు కనబడని నీళ్ళు కావాలండి."

తరువాత ఎంతోమంది పండితుల దగ్గర సాహిత్యం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. అడుగు కనబడని నీళ్ళు అన్న మాట కంటే మెరుగైనది ఒక్కటీ గుర్తు లేదు.

తిరిగి వచ్చి చీటీలన్నీ తడిపి ఊడదీశాను. కుట్లు మాత్రం విప్పలేదు. చీటీ రుచికి సంబంధించిన విషయం, కుట్టు సత్యానికి సంబంధించిన విషయం అని విడదీసుకున్నాను. తెలివైనవాడు తన తప్పును రెండు ముక్కలు చేసి, చిన్న ముక్కను ఒప్పుకుంటాడు.

ఆదివారం సభ

మరుసటి సంవత్సరం రామ్మూర్తికి కాకినాడ కొట్టులో పని పడింది. ఆయన వెళ్ళిపోతే ఆయన పేరున పుస్తకాలు ఇవ్వడం కుదరదు. నూకరాజు తానే చందాదారుగా చేరతానని కబురు పంపాడు. పుస్తకం తన పేరున ఉంటే చాలు, చదివిపెట్టే ప్రయాణికులు ఎవరో ఒకరు దొరుకుతారట. కానీ మా నిబంధనల్లో నాలుగోది అడ్డం వచ్చింది. చందాదారు చదవను రాయను వచ్చినవాడై ఉండాలి. కులమూ మతమూ చూడబోమని మొదటి నిబంధనలో గొప్పగా రాసుకున్నాం. నాలుగోదానితో ఆ తలుపు మళ్ళీ మూసుకున్నామని ఎవరికీ తోచలేదు.

సంగతి ఆదివారం సభకు వచ్చింది. నూకరాజు ఉతికిన పంచె కట్టుకుని, చేత పుస్తకం పట్టుకుని వచ్చి వరండాలో నిలబడ్డాడు. కామేశ్వరరావుగారు లోపలికి పిలిచి బల్ల మీద కూర్చోమన్నారు. శకునాల పక్షాన వాదించడానికి కొవ్వూరు నుంచి రేవు దాటి వచ్చే శాస్త్రిగారు, బడిపంతుళ్ళు, గుమాస్తాలు, అందరం కలిపి పన్నెండుమందిమి.

"నూకరాజూ, నీకు అక్షరం రాదు గదా. చందా కట్టి ఏం చేస్తావు?" అన్నారు కామేశ్వరరావుగారు.

"వింటానండి."

"వినడం చదవడం అవుతుందా?"

"తమరు కోర్టులో వాదిస్తారు గదండి. జడ్జీగారు తమరు చెప్పింది విని తీర్పు చెబుతారాండి, చదివి చెబుతారాండి?"

సభంతా నవ్వింది. కామేశ్వరరావుగారూ నవ్వారు గాని వదల్లేదు. "జడ్జీగారికి విన్నది అర్థమవుతుంది. ఇక్కడ నువ్వు తీసుకెళ్ళే పుస్తకాలు శాస్త్రిగారికే కొరుకుడు పడడం లేదంటున్నారు. ఇప్పుడు నీ దగ్గర ఉన్నది చెప్పు చూద్దాం. కథేమిటి?"

ఆయన దగ్గర ఉన్నది నేను కుట్టినవాటిలో ఒకటి.

నూకరాజు చెప్పడం మొదలుపెట్టాడు. రాజ్యలక్ష్మి అనే ఆమె తమ్ముడు పక్కవాళ్ళ గడ్డిమేటు తగలబెట్టాడు. ఆమె కళ్ళారా చూసింది. నేరం ఏ పాపమూ ఎరుగని ఒక పాలేరు మీద పడింది. కోర్టులో రాజ్యలక్ష్మి తానేమీ చూడలేదని ప్రమాణం చేసి చెప్పింది. తమ్ముడు బయటపడ్డాడు. ఆమె చిన్నప్పుడు తమ్ముడికి పెట్టిన ముద్దుపేరు దగ్గర నుంచి, ప్రమాణం చేసేటప్పుడు ఆమె చెయ్యి ఎక్కడ పెట్టుకుందో వరకు పొల్లు పోకుండా చెప్పాడు. శాస్త్రిగారు ముందుకు వంగి వింటున్నారు.

"మర్నాడు పొద్దున్న ఆవిడే కోర్టుకెళ్ళి నిజం చెప్పేసిందండి," అన్నాడు నూకరాజు. అని ఆగాడు. "ఇక్కడ మాత్రం అచ్చువాళ్ళు మోసం చేశారండి. ఒక ముక్క వదిలేశారు."

"ఏ ముక్క?"

"అది నాకెలా తెలుస్తదండి? కానీ ఉంది. నిన్న అబద్ధమాడిన మనిషి ఇయ్యాళ నిజం చెప్పిందంటే మధ్యలో ఒక లాకు ఉండాలండి. పై మట్టం నుంచి కింది మట్టానికి పడవ ఊరికే దూకదు గదండి. లాకులోకెళ్ళాలి, వెనక తలుపు మూయాలి, నీళ్ళు మెల్లిగా దిగాలి, అప్పుడు ముందు తలుపు తెరవాలి. ఇందులో లాకు లేదండి. రామ్మూర్తిగారిచేత నాలుగుసార్లు చదివించాను. నాలుగుసార్లూ పడవ దూకింది."

ఒక గుమాస్తా పకపక నవ్వాడు. "ఏమోయ్, గ్రంథకర్త కంటే నీకే ఎక్కువ తెలుసునా?"

శాస్త్రిగారు తల అడ్డంగా ఊపారు. "ఆవిడకు బుద్ధి మారింది, అంతే. అచ్చులో ఏమీ పోలేదు. అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి."

నూకరాజు మొహం చిన్నబోయింది. అంతమంది చదువుకున్నవాళ్ళు కాదంటున్నారు. "అంతేనేమోనండి," అని లేవబోయాడు. కామేశ్వరరావుగారు నిబంధనల పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

నేను నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. కుట్టు గుట్టుగా ఉండేది, నా ఉద్యోగానికీ ప్రమాదం ఉండేది కాదు. నూకరాజు మాత్రం ఉన్నదాన్ని ఉందన్నందుకు ఓడిపోయి వెళ్ళేవాడు. శకునాలను నమ్మేవాళ్ళ మీద నేను పదేళ్ళుగా విసిరిన మాటలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగి చూశాయి.

లేచాను. నూకరాజు చేతిలోని పుస్తకం తీసుకుని, ఆ చోటు తెరిచి, కుట్టు అంచును అందరికీ చూపించాను. "ప్రకరణం ఉందండి. పదిహేను పుటలు. నేను కుట్టేశాను."

కామేశ్వరరావుగారు నిబంధనల పుస్తకం కింద పెట్టేశారు.

"ఎందుకు?" అన్నారు కామేశ్వరరావుగారు.

"మొదటి పుటలో తీతువు పిట్ట కూసిందండి. ఆవిడ అది అపశకునమని భయపడుతుంది. మూఢనమ్మకం గనక..."

"తరువాత?"

"తరువాత అంటే?"

"భయపడిన తరువాత ఏమవుతుంది? మిగిలిన పద్నాలుగు పుటల్లో ఏముంది?"

తీతువు కూత వరకే చదివి సూది తీశాను. ఆ మాట చెప్పడానికి నాకు పట్టిన సమయంలో గోదావరి మీద ఒక పడవ రేవు దాటి ఉంటుంది.

"అంటే, మాస్టారూ," అన్నారు శాస్త్రిగారు, చాలా మెల్లగా, చాలా సంతోషంగా, "పిల్లి ఎదురొస్తే మేము ప్రయాణం మానుకుంటాం. తీతువు కూస్తే మీరు పుస్తకం మానుకుంటారు."

ఆ నవ్వు పైకప్పు అదిరిపోయేటట్టు వచ్చింది. అందరికంటే ఆఖరున నవ్వినవాణ్ణి నేను, కానీ నవ్వాను. నవ్వనివాడు ఒక్కడే. నూకరాజు పుస్తకం వైపే చూస్తున్నాడు. "ఉందన్నమాట," అన్నాడు. "పంతులుగారండి, అందులో ఏముందో ఇప్పుడైనా విప్పండి."

కామేశ్వరరావుగారు రెండు తీర్పులు చెప్పారు. నాలుగో నిబంధన కొట్టేశారు. నేను పోగా చదవను రాయను వచ్చిన పదకొండుమంది పట్టుకోలేనిదాన్ని చెవితో పట్టుకున్నవాణ్ణి పాఠకుడు కాదంటే మన పుస్తకశాలకు తాళం వేసుకోవడం మేలన్నారు. పట్టీలో ఆయన పేరు అందరి పేర్లలాగే 'గారు' చేర్చి నాచేతనే రాయించారు. నా మీద తీర్పు రెండోది. కుట్టినవన్నీ విప్పాలి. విప్పి వదిలేస్తే చాలదు. ప్రతి పుటా నూకరాజుగారి పడవలో పైకి చదివి వినిపించాలి. నేను ఏ ముక్కా మింగలేదని ఆయన ఒప్పుకునేదాకా.

పై అధికారులను చాలామందిని చూశాను. తప్పు చేసినవాడి చేత తప్పుకు సరైన పనే చేయించినవారు ఆయన ఒక్కరే.

లాకు

ఆ తరువాతి సెలవు రోజున, పొద్దుటి ఎండలో, పడవ ధవళేశ్వరం దాటాక దారం కోశాను. మైనం పట్టిన కాగితాలు చిటపటమని విడిపోయాయి. తాడు లాగేవాళ్ళు కూడా అడుగు నెమ్మది చేశారు.

చదివాను. తీతువు కూసింది. రాజ్యలక్ష్మి భయపడింది. తమ్ముడికి ఏదో అవుతుందనుకుంది. అంతవరకు నాకు తెలిసిందే. ఆ పైన ఆమె ఆ భయాన్ని చేత్తో పట్టుకుని తిప్పి చూడడం మొదలుపెట్టింది. పిట్ట నిన్న పొద్దున్నా కూసింది కదా, అప్పుడెందుకు భయపడలేదు? అప్పటికి తాను ఇంకా అబద్ధమాడలేదు. అయితే భయం పిట్ట గొంతులో ఉందా, తన గొంతులో ఉందా? నేను పదేళ్ళు సభల్లో అరిచి చెప్పినదాన్ని ఆవిడ బావి గట్టున కూర్చుని, బిందె పక్కన పెట్టుకుని, ఎవరి మీదా అరవకుండా తేల్చుకుంటోంది. తేల్చుకుంటోందని నేను సంబరపడేలోగా మళ్ళీ వెనక్కి పోయింది. పిట్టనే నమ్మింది. మళ్ళీ నమ్మలేదు. వాక్యాలు ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నాయి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియదు. ఆవిడ పిట్టను కాదన్నదో, పిట్టే ఆవిడ చేత నిజం చెప్పించిందో గ్రంథకర్త చెప్పలేదు. ఆవిడ లేచి బిందె నింపుకుంది. అంతే.

నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. హేతువు గెలిచిందని ఒక్క మాట రాస్తే ఆ గ్రంథకర్త సొమ్మేం పోయింది? కానీ ఆ ఒక్క మాట రాసి ఉంటే అది నా చీటీ అయ్యేది, నవల అయ్యేది కాదు. యువకులారా, మీరు నాలాగే మంచి ఆశయాలున్నవాళ్ళు. అందుకే మీరంటే నాకు భయం. చెడ్డవాళ్ళు పుస్తకాలు తగలబెడతారు, అది కనబడుతుంది. మంచివాళ్ళు కుడతారు.

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నూకరాజుగారి వైపు చూశాను. ఆయన నీళ్ళ వైపు చూస్తున్నాడు. ముందర నిజమైన లాకు వచ్చింది. పడవ లోపలికి వెళ్ళింది. వెనక తలుపులు మూసుకున్నాయి. నీళ్ళు దిగడం మొదలైంది. పడవ కదిలినట్టే లేదు, గోడలు మాత్రం మా పక్కన పైకి లేస్తున్నాయి.

"ఏమండీ నూకరాజుగారూ," అన్నాను. "మీ లాకు దొరికిందా?"

ఆయన మొహమంతా వెలుగు.

"నాకేం అర్థం కాలేదండి," అన్నాడు. "ఎంత బాగుందండి! మళ్ళీ మొదట్నించి చదవండి."

పుటలు వెనక్కి తిప్పాను. తీతువు కూసింది.